వంశవృక్షంలో రాయని పేరు

పోయినేడు మే నెలలో మా అమ్మాయి స్కూలు నుంచి ఒక చార్టు కాగితం చుట్ట చుట్టుకుని తెచ్చింది. మూడో తరగతి పిల్లలంతా తమ ‘ఫ్యామిలీ ట్రీ’ గీసి తీసుకురావాలట. సరిగ్గా అదే వారంలో వాళ్ళ టీచరు ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’ పుస్తకం క్లాసులో చదివి వినిపించడం పూర్తిచేశారు. దాంతో మా పిల్లకి రెండు ప్రశ్నలు ఒకేసారి పుట్టాయి. “అమ్మా, నానమ్మ వాళ్ళ అమ్మ పేరేంటి? లారా వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పుడు ఎక్కడున్నారు? మన ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?”

మొదటి ప్రశ్నకి జవాబు పక్క గదిలోనే ఉంది. మా అత్తయ్య ఏప్రిల్లో వచ్చి మా దగ్గర ఉన్నారు. రెండో ప్రశ్నకి “కనుక్కుని చెప్తాలే” అన్నాను. పిల్లల తల్లులు రోజుకి పదిసార్లు అనే మాటే అది. కానీ ఈసారి ఎందుకో నిజంగానే కనుక్కోవాలనిపించింది. నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. జువాలజీ అంటే ప్రాణం. పెళ్ళయి ఇక్కడికొచ్చి పన్నెండేళ్ళు ఇల్లూ పిల్లా చూసుకుంటూ గడిచిపోయినా, ఏదైనా మొదలుపెడితే తేలేదాకా వదలని గుణం మాత్రం పోలేదు.

మేముండేది మిన్నెసోటాలో రోచెస్టర్. లారా ఇంగల్స్ వైల్డర్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఎద్దుబళ్ళ మీదా గుర్రబ్బళ్ళ మీదా పడమటికి కదిలిపోయి, ఎవరూ దున్నని నేల దున్నిన తొలితరం వాళ్ళని ఇక్కడ పయనీర్లు అంటారు. అలాంటి ఒక ఇంట్లో పెరిగి, అరవై అయిదేళ్ళ వయసులో, 1932లో మొదటి పుస్తకం అచ్చువేయించుకున్నావిడ లారా. మ్యాపు తెరిచి చూస్తే నాకే ఆశ్చర్యమేసింది. ఆవిడ పుట్టిన విస్కాన్సిన్ పెపిన్, ఒక ఏడాది బతికిన అయోవా బర్ ఓక్, ఆవిడ అత్తవారు స్థిరపడిన స్ప్రింగ్ వ్యాలీ, అన్నీ మా ఇంటినుంచి గంటన్నర లోపే. మేము కాస్ట్‌కోకి తిరిగినంత తేలిగ్గా ఆ దారుల్లో తిరుగుతూ, ఇన్నేళ్ళూ ఆ సంగతి గమనించలేదు.

ఈలోగా అత్తయ్య పెట్టెలోంచి ఒక పాత పుస్తకం తీశారు. మా మామగారి అన్నగారు తన షష్టిపూర్తికి అచ్చువేయించిన వంశవృక్షం అది. ఏడు తరాలు. మధ్యలో మడత విప్పితే భోజనాల బల్లంత కాగితం. మా అమ్మాయి దాని మీద బోర్లా పడుకుని వేలుపెట్టి వెతికి, తల పైకెత్తింది.

“నానమ్మా, ఇందులో నువ్వు లేవేంటి?”

“ఆడవాళ్ళ పేర్లు రాయరే.”

“అయితే నేను కూడా ఉండనా?”

అత్తయ్య నవ్వేశారు. “చెట్టుకి కాయలే కనబడతాయి, వేళ్ళు కనబడతాయా చెప్పు?” అన్నారు. పిల్ల ఆ జవాబుకి తృప్తిపడలేదు. నిజం చెప్పాలంటే నేనూ పడలేదు.

సరే, ఇంగల్స్ వారి సంగతికొస్తాను. ఇక్కడ వంశం వెతకడానికి ముఖ్యమైన సూత్రం ఒకటుంది. తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి. దూరాన ఉన్న గొప్పవాడిని పట్టుకుని అక్కణ్ణుంచి మనదాకా గొలుసు లాగాలని చూస్తే తప్పుదోవ పడతాం. ఒక్కొక్క మెట్టుకీ ఒక కాగితం చూపించాలి. జనాభా లెక్కలు, పెళ్ళి రిజిస్టరు, పొలం పట్టా, సమాధి రాయి, ఇంట్లో బైబిలు. పాత కుటుంబాల్లో పెద్ద బైబిలు మధ్యలో పుట్టినరోజులూ, పెళ్ళిళ్ళూ, మరణాలూ రాసుకోవడానికి ప్రత్యేకంగా కొన్ని పేజీలుండేవి. మన ఇళ్ళలో పంచాంగం వెనక అట్ట మీద పిల్లలు పుట్టిన ఘడియలు రాసిపెట్టుకున్నట్టే.

అమెరికా జనాభా లెక్కలు 1790లో మొదలయ్యాయి, పదేళ్ళకొకసారి. వివరాలు 72 ఏళ్ళు గోప్యంగా ఉంచి ఆ తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న అలాగే తెరిచారు. పాతవాటి ఫొటోలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో అయితే డబ్బు కట్టక్కర్లేదు. అలా పిల్ల స్కూలుకీ, మావారు ఆఫీసుకీ వెళ్ళాక, పప్పు కుక్కర్లో పెట్టి, నేను 1870లోకి వెళ్ళిపోయేదాన్ని. మూడు విజిళ్ళకి మళ్ళీ వెనక్కి వచ్చేదాన్ని.

ఆ కాగితాల్లో నాకు మొదట కనబడింది లేనివాళ్ళే. 1840 వరకూ లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాశారు. మిగిలినవాళ్ళు అంకెలు. ఈ వయసు ఆడవాళ్ళు ఇద్దరు, ఆ వయసు మగపిల్లలు ముగ్గురు, అంతే. 1850లో మొదటిసారి ఇంట్లో స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాశారు. బానిసలకి అప్పటికీ పేరు లేదు. యజమాని పేరు కింద వయసూ, ఆడా మగా అన్నదీ, రంగూ మాత్రమే. 1870కి గానీ నల్లజాతివారందరి పేర్లూ కాగితం మీదికి రాలేదు. కాబట్టి వాళ్ళ వారసులు వంశం వెతుక్కుంటూ వెళితే 1870 దగ్గర పెద్ద గోడ అడ్డం వస్తుంది. మన ఇంటి కాగితంలో ఆడవాళ్ళ పేర్లు లేవని నేను ఉడుక్కుంటుంటే, వంశానికి వంశమే అంకెలుగా మిగిలిపోయినవాళ్ళు ఉన్నారని తెలిసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

రెండోది ఉద్యోగం గడి. 1870, 1880 లెక్కల్లో సొంత ఇల్లు చూసుకునే ఆడవాళ్ళకి ఆ గడిలో ‘కీపింగ్ హౌస్’ అని రాయాలని నిబంధన. జీతానికి వేరే ఇంట్లో చేస్తే ‘హౌస్‌కీపర్’ అనాలి, రెండూ కలపకూడదు. పేజీ తర్వాత పేజీ, కోడి గీతల్లాంటి ఆ రాతలో కీపింగ్ హౌస్, కీపింగ్ హౌస్, కీపింగ్ హౌస్. లారా వాళ్ళ అమ్మ కేరొలైన్ పెళ్ళికి ముందు బడిపంతులమ్మ. నేను ఇండియాలో రెండేళ్ళు జూనియర్ కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించాను. ఇక్కడ ఏ ఫారం నింపినా వృత్తి అన్న గడి దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. నూట యాభై ఏళ్ళ కిందటి ఆ గడులు చూశాక, ఆగినప్పుడు ఒంటరిగా అనిపించడం మాత్రం తగ్గింది.

ఇక కథకీ కాగితానికీ పేచీ. ‘లిటిల్ హౌస్’ పుస్తకాల్లో వరస ఇలా ఉంటుంది. ముందు విస్కాన్సిన్ అడవి, ఆ తర్వాత కాన్సాస్ మైదానం. అడవిలో ఉన్నప్పుడే చెల్లెలు క్యారీ ఉయ్యాల్లో పాప. కానీ ఇంగల్స్ వారి బైబిల్లో క్యారీ పుట్టింది 1870 ఆగస్టు 3న, కాన్సాస్‌లోని మాంట్‌గోమరీ కౌంటీలో అని రాసి ఉంది. 1867 ఫిబ్రవరి 7న పుట్టిన లారా అప్పటికి మూడున్నరేళ్ళ పిల్ల. ఆవిడ రాసిన కాన్సాస్ కథంతా తన జ్ఞాపకం కాదు, అమ్మా నాన్నా అక్కా చెప్పగా విన్నది. ఇండిపెండెన్స్ అనే ఊరికి తమ ఇల్లు నలభై మైళ్ళని రాశారావిడ. ఆ లెక్కన వెతికితే ఇల్లు ఓక్లహోమాలో పడుతుంది! చివరికి 1870 జనాభా లెక్కలు పట్టుకుని వెతికినవాళ్ళకి ఆ చోటు పదమూడు మైళ్ళ దూరంలో దొరికింది.

ఇంకో పేచీ ఉంది. నేల ఎవరిది? వాళ్ళు ఇల్లు కట్టుకున్నది ఓసేజ్ తెగవారికి మిగిల్చిన భూమిలో. అప్పటికి దాని మీద తెల్లవారికి ఏ హక్కూ లేదు. 1870 జూలైలో చట్టం చేసి ఓసేజ్‌లని దక్షిణాన ఇండియన్ టెర్రిటరీకి, అంటే నేటి ఓక్లహోమాకి పంపేశారు. నేను ఇది చెబుతుంటే అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు. “అంటే బంజరు కాదన్నమాట. ఒకళ్ళ పొలంలోనే పాక వేశారు” అన్నారు. గోదావరి జిల్లాలో గట్టు తగాదాలు చూసి పెరిగిన మనిషి. ఒక్క ముక్కలో తేల్చేశారు.

కథ తప్పిన మూడో చోటు అక్క మేరీ కళ్ళు. పద్నాలుగేళ్ళ వయసులో, 1879లో ఆ పిల్లకి చూపు పోయింది. స్కార్లెట్ ఫీవర్ వల్ల అని పుస్తకంలో ఉంది. 2013లో కొందరు వైద్యులు పాత ఉత్తరాలూ, పత్రికలూ, లారా జ్ఞాపకాలూ పరిశీలించి, అది వైరస్ వల్ల మెదడుకీ దాని పొరలకీ వచ్చిన వాపు అయి ఉంటుందని పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. ఇవన్నీ చదివాక నాకు లారా మీద గౌరవం తగ్గలేదు. ఇంట్లో చెప్పుకునే కథ ఒకటి, జరిగింది ఒకటి. రెండూ దాచుకోవాలి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. అంతే.

మా అత్తయ్యకి ఈ వెతుకులాట మీద అసలైన ఆసక్తి పుట్టింది మాత్రం పెళ్ళిళ్ళ దగ్గర. క్వైనర్ వారూ ఇంగల్స్ వారూ విస్కాన్సిన్‌లో ఇరుగుపొరుగు. హెన్రీ క్వైనర్ పాలీ ఇంగల్స్‌ని చేసుకున్నాడు. హెన్రీ చెల్లెలు కేరొలైన్ 1860 ఫిబ్రవరి 1న పాలీ అన్న చార్లెస్‌ని చేసుకుంది. ఆ మరుసటి ఏడు కేరొలైన్ చెల్లెలు ఎలైజా, చార్లెస్ అన్న పీటర్‌ని చేసుకుంది.

“ఓసి, కుండమార్పిడి!” అని అత్తయ్య చేతిలో పని వదిలేశారు. “తెల్లవాళ్ళలో కూడా ఉందా?”

వీళ్ళ పిల్లల్ని ఇంగ్లీషులో డబుల్ కజిన్స్ అంటారు. నాలోని జువాలజీ లేచింది. మామూలు కజిన్స్‌కి జన్యువులు సగటున ఎనిమిదో వంతు ఉమ్మడి అయితే, వీళ్ళకి నాలుగో వంతు. అంటే ఒక తండ్రికి ఇద్దరు తల్లుల్లో పుట్టిన పిల్లలంత దగ్గర. ఈ లెక్క నేను కాగితం మీద వేసి చూపిస్తుంటే, “లెక్కెందుకమ్మాయ్, అందుకే మా ఇళ్ళలో అన్నదమ్ముల పిల్లలకీ అక్కచెల్లెళ్ళ పిల్లలకీ తేడా తెలిసేది కాదు” అన్నారు.

వెనక్కి వెళితే ఇంగల్స్ వారి గొలుసు చాలా పొడుగు. ఎడ్మండ్ ఇంగల్స్ ఇంగ్లండులోని లింకన్‌షైర్ నుంచి వచ్చి 1629లో మాసచూసెట్స్‌లోని లిన్ అనే చోట స్థిరపడ్డాడు. 1903లోనే ఈ వంశం మీద చార్లెస్ బర్లీ అనే ఆయన లావుపాటి పుస్తకం అచ్చువేశాడు. చార్లెస్ ఇంగల్స్ వాళ్ళ నాయనమ్మ మార్గరెట్ డెలానో. 1621లో ప్లిమత్‌కి వచ్చిన ఫిలిప్ డెలానో వంశం ఆవిడది. అదే డెలానో ప్రెసిడెంటు రూజ్‌వెల్టు పేరు మధ్యలో కనబడేది. అంటే వ్యవసాయం కలిసిరాక ఊరూరూ తిరిగిన లారా తండ్రికీ, ఆ ప్రెసిడెంటుకీ ఎక్కడో దూరపు చుట్టరికం. అది కలిపింది ఒక నాయనమ్మ పుట్టింటిపేరు. ఆ పేరు ఎవరూ రాసిపెట్టకపోయి ఉంటే ఆ దారి మూసుకుపోయేది.

ఇక మా అమ్మాయి అసలు ప్రశ్న. లారా మునిమనవలు ఎక్కడున్నారు?

లేరు. చార్లెస్, కేరొలైన్ దంపతులకి అయిదుగురు పిల్లలు. మేరీకి పెళ్ళి కాలేదు. క్యారీ పెళ్ళాడినాయనకి మొదటి భార్య పిల్లలున్నారు, వాళ్ళనే పెంచింది, తన కడుపున పుట్టినవాళ్ళు లేరు. 1877లో బర్ ఓక్‌లో పుట్టిన ఆఖరిది గ్రేస్‌కీ పిల్లల్లేరు. లారాకి ఒక కూతురు, రోజ్. ఆ తర్వాత 1889లో ఒక కొడుకు పుట్టి, పేరైనా పెట్టకముందే పోయాడు. సౌత్ డకోటాలోని డి స్మెట్ శ్మశానంలో ఆ రాతి మీద ఉన్నది తండ్రి పేరే, ఫలానా ఆయన కొడుకు అని. రోజ్ పెద్ద రచయిత్రి అయింది, కానీ ఆమెకీ సంతానం నిలవలేదు. 1968 అక్టోబరు 30న రోజ్ పోవడంతో ఆ ఇద్దరి రక్తసంబంధం ముగిసింది. తల్లి నుంచి బిడ్డకి మాత్రమే అందే మైటోకాండ్రియా అనే కణభాగం ఉంటుందని బి.ఎస్సీ.లో చదివాం కదా. కేరొలైన్ నుంచి నలుగురు కూతుళ్ళకి అందింది, లారా నుంచి రోజ్‌కి అందింది, అక్కడితో ఆగిపోయింది.

అయిదో బిడ్డ? అతనే చార్లెస్ ఫ్రెడరిక్, ఇంట్లో ఫ్రెడ్డీ. 1875 నవంబరు 1న వాల్‌నట్ గ్రోవ్‌లో పుట్టాడు. ఇంటిపేరు నిలబెట్టవలసిన ఒక్కగానొక్క మగపిల్లాడు. లారా తన పుస్తకాల్లో ఎక్కడా ఆ తమ్ముడి ఊసెత్తలేదు. పిల్లల కోసం రాయడానికి ముందు పెద్దల కోసం రాసుకున్న ‘పయనీర్ గర్ల్’లో మాత్రం ఉన్నాడు. ఆ రాతప్రతి 2014లో గానీ పుస్తకంగా రాలేదు.

ఆ రోజుల్లో మిన్నెసోటా మీద మిడతల దండు పడింది. 1873 నుంచి అయిదేళ్ళ పాటు పంటలన్నీ ఊడ్చేశాయి. రాకీ పర్వతాల మిడత అని ప్రత్యేకమైన జాతి అది. ఆకాశం కమ్మేసిన ఆ జాతే విచిత్రంగా 1902 తర్వాత ప్రాణంతో కనబడలేదు, అంతరించిపోయింది. పొలం వదులుకుని ఇంగల్స్ వారు 1876 వేసవిలో సౌత్ ట్రాయ్ దగ్గర పీటర్, ఎలైజాల పొలానికి వచ్చారు. అదే కుండమార్పిడి ఇల్లు. అక్కడే ఆగస్టు 27న తొమ్మిది నెలల ఫ్రెడ్డీ చనిపోయాడు. ఆ తర్వాత వాళ్ళు బర్ ఓక్‌కి వెళ్ళారు. ఏడాది తిరక్కుండానే అద్దె బాకీలు తీర్చలేక ఒక రాత్రి చెప్పకుండా అక్కణ్ణుంచీ బయలుదేరి వచ్చేశారు. ఆ ఏడాది కూడా పుస్తకాల్లో లేదు.

సౌత్ ట్రాయ్ మా ఇంటికి ఉత్తరాన అరగంట. ఆగస్టులో ఒక శనివారం పులిహోర డబ్బాలు కట్టుకుని నలుగురం వెళ్ళాం. అక్కడ చూడటానికి పెద్దగా ఏమీ లేదు. రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న, సోయా చేలు, దూరాన గాదెలు, ఏటి వైపు దిగే గుట్టలు. కారు ఒక పక్కన ఆపుకుని చెట్టు నీడలో తిన్నాం. మావారూ పిల్లా ఏవో రాళ్ళు ఏరుకుంటూ ముందుకి నడిచారు.

“పిల్లాణ్ణి ఎక్కడ పెట్టారుట?” అని అడిగారు అత్తయ్య.

“ఎక్కడో తెలియదు అత్తయ్యా. గుర్తులేం మిగల్లేదు. ఎవరికీ దొరకలేదు.”

ఆవిడ చాలాసేపు చేను వైపు చూస్తూ ఊరుకున్నారు. ఆ తర్వాత చాలా మామూలుగా, పెరుగు తోడుపెట్టిన సంగతి చెబుతున్నట్టు చెప్పారు.

“మాదీ అంతేనమ్మా. మీ ఆయనకి ముందు ఒక ఆడపిల్ల. పదకొండు నెలలు బతికింది. నిలబడి గోడ పట్టుకుని నడిచేది. జ్వరం వచ్చి మూడో రోజుకి పోయింది. చంటిపిల్లల్ని కాల్చరు కదా. కాలవ గట్టున తుమ్మచెట్టు కింద పెట్టి వచ్చారు మగవాళ్ళు. నన్ను రానివ్వలేదు. తర్వాత్తర్వాత నేనే వెళ్ళి చూసుకునేదాన్ని, బట్టలు ఉతకడానికని. ఇప్పుడు అక్కడ చెట్టూ లేదు, గట్టూ లేదు. రొయ్యల చెరువు తవ్వేశారు.”

నాకు పెళ్ళయి పన్నెండేళ్ళు. మావారికి నలభై ఒకటి. ఇద్దరికీ ఈ సంగతి తెలియదు.

“పేరు పెట్టారా అత్తయ్యా?”

“పెట్టకేం. బారసాల చేశాం.” ఆ పేరు చెప్పారు. చెప్పి, పెదాల మీద కొంగు అడ్డం పెట్టుకున్నారు. “నలభై నాలుగేళ్ళయిందమ్మాయ్, ఆ పేరు పైకి అని. మీ మామగారు పోయేదాకా మా ఇద్దరి మధ్య కూడా అనుకోలేదు. అంటే ఎక్కడ నేను ఏడుస్తానోనని ఆయన, ఎక్కడ ఆయన బాధపడతారోనని నేను.”

నేనేం మాట్లాడగలను? చెయ్యి పట్టుకున్నాను. మావారు వెనక్కి వచ్చాక ఆవిడే చెప్పారు, “ఒరేయ్, నీకో అక్క ఉండేదిరా” అని. ఆయన చేతిలో ఉన్న రాళ్ళు కింద పెట్టేసి అమ్మ పక్కన కూర్చున్నారు. మా పిల్ల ఒక్కతే, ఏ మొహమాటమూ లేకుండా, “ఆ అత్త ఎలా ఉండేది నానమ్మా?” అని అడిగింది. అత్తయ్య దారి పొడుగునా చెప్పారు. ఉంగరాల జుట్టు అని, అరిసె ముక్క ఇస్తే గుప్పెట్లో నలిపేసేదని, మా పిల్ల ముక్కు అచ్చం దానిదేనని.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మన లెక్కన చూస్తే ఇంగల్స్ వారి వంశం నిలవలేదు. ఉన్న ఒక్క కొడుకూ పోయాడు, కూతుళ్ళు వేరే ఇంటిపేర్లలోకి వెళ్ళారు, ఆ తర్వాత అవీ ఆగాయి. కానీ 1629 నుంచి ఇక్కడున్న ఇంగల్స్ వారి ఇళ్ళన్నిటిలోకీ, మిన్నెసోటా పిల్లలూ మా గోదావరి పిల్లా కూడా పేర్లతో సహా ఎరిగింది ఆ ఒక్క ఇంటినే. కారణం ఏమిటి? తల్లి బైబిల్లో తారీకులు నిలిచాయి. కూతురు కూర్చుని రాసింది. అత్తారింటికి వెళ్ళి ఇంటిపేరు మార్చుకున్న ఆ కూతురే పుట్టింటిని నిలబెట్టింది. ఆవిడ కూడా తమ్ముడి పేరు రాసిన కాగితాన్ని పక్కన పెట్టేసింది. నొప్పిగా ఉండే పేరు ముందు జారిపోతుంది, ఎవరి వంశంలో అయినా.

మన దగ్గర వంశం గుర్తుంచుకోవడానికి ఏర్పాట్లు లేకపోలేదు. గోత్రాలూ వంశాలూ ఇంటికొచ్చి పాడి చెప్పే పిచ్చిగుంట్లవాళ్ళున్నారు. గయలో, కాశీలో పండాల దగ్గర తరాల పేర్ల చిట్టాలున్నాయి. తద్దినంలో తండ్రీ తాతా ముత్తాత పేర్లు చెప్పి వదులుతాం, తల్లీ నాయనమ్మా పేర్లు కూడా అడుగుతారు. కానీ మూడు తరాలు దాటితే ఆ పేరు వదిలేస్తాం. పదకొండు నెలల పిల్ల పేరు ఏ తంతులోనూ లేదు. అది ఒక్క తల్లి నోట్లోనే ఉంది.

మర్నాడు ఉదయం ఒక రూళ్ళ నోటుపుస్తకం తీశాను. అత్తయ్యని కూర్చోబెట్టి, ఇంగల్స్ వారి దగ్గర నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టాం. తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి. ప్రతి ఆడమనిషికీ పుట్టింటిపేరు, పుట్టిన ఊరు. ప్రతి కాన్పూ, బతికినా బతక్కపోయినా. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన. తారీకు తెలియకపోతే “తుఫాను వచ్చిన ఏడు” అన్నా సరే, అదే రాసుకున్నాం. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన మాకు ఒక మైలురాయి అయింది. దాని ముందు పుట్టినవాళ్ళు, తర్వాత పుట్టినవాళ్ళు అని చాలామందిని విడదీయగలిగాం. పది రోజుల్లో నలభై మంది ఆడవాళ్ళు పుస్తకంలోకి వచ్చారు. మా అమ్మకి ఫోను చేసి మా పుట్టింటివైపూ మొదలుపెట్టాను. “ఇప్పుడెందుకే ఇవన్నీ” అంటూనే ఆవిడ గంటన్నర మాట్లాడింది.

ఆ పాప పేరు ఇక్కడ రాయడం లేదు. “మన పుస్తకంలో రాసుకో, ఊరంతా చెప్పకు” అన్నారు అత్తయ్య. ఆవిడ మాట నాకు శాసనం. కానీ మా ఇంటి పుస్తకంలో మొదటి పేజీలో, మావారి పేరుకి పైన, ఆ పేరు ఉంది.

చార్టు సంగతి చెప్పలేదు కదూ. స్కూలుకి ఇవ్వవలసిన గడువు ఎప్పుడో అయిపోయింది. అప్పుడు ఏదో గీసి ఇచ్చింది. సెప్టెంబరులో మా అమ్మాయి ఇంకో కాగితం తీసుకుని తనే మళ్ళీ గీసింది. ఈసారి కొమ్మలతో పాటు కింద వేళ్ళు కూడా గీసి, వేళ్ళ మీద అమ్మమ్మల పేర్లూ నానమ్మల పేర్లూ రాసింది. ఒక కొమ్మకి చిన్న ఆకు. అత్తయ్య దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నారు.

ఆవిడ అక్టోబరులో ఇండియా వెళ్ళిపోయారు. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు. ఇక్కడ అప్పటికి ఇంకా తెల్లవారలేదు.

“అమ్మాయ్, నిద్రలేపానా? ఇవాళ మా పెద్దక్క దగ్గరికి వెళ్ళొచ్చాను. దానికి ఎనభై ఆరు. మా తాతమ్మ పుట్టిల్లు చెప్పింది. ఇంకో నలుగురి పేర్లు దొరికాయి. పుస్తకం తీసుకో, చెప్తాను.”